కరువులో పని చూపిన ఫాస్నెట్ దొర

మెదక్: పట్టణం ఇంకా రాకముందే, దూరం నుంచే చర్చి శిఖరం కంటబడుతుంది. దాని ఎత్తు 175 అడుగులు. క్రిస్మస్ నాడు, గుడ్ ఫ్రైడే నాడు ఊళ్ళకు ఊళ్ళే దాని చుట్టూ చెట్ల కింద దిగుతాయి. చర్చిని ఎరుగని వారు జిల్లాలో ఉండరు. దాన్ని కట్టించిన దొర సంగతి మాత్రం పాత తరం వారితోనే మెల్లమెల్లగా వెనకబడిపోతోంది.

రెవరెండ్ చార్లెస్ వాకర్ ఫాస్నెట్ 1870లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణంలో జన్మించారు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ ఆయనను 1895లో సికింద్రాబాదుకు పంపింది. మొదట తిరుమలగిరి కంటోన్మెంటులోని ఆంగ్ల సైనికులకు గురువుగా పనిచేశారు. సొంత భాష, సొంత మనుషులు, సదుపాయాలు అన్నీ అక్కడున్నాయి. అయినా పాతికేళ్ళు దాటిన ఆ యువకుడికి పల్లెల మీదికి మనసు పోయింది. కొద్దికాలంలోనే మెదక్ దారి పట్టారు.

అప్పటికి ఈ ప్రాంతానికి రైలు లేదు. హైదరాబాదు నుంచి గుర్రం మీద మెదక్ చేరడానికి రెండు రోజులు పట్టేది. ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి కంప్యూటర్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు సెలవు రోజున కారెక్కి ఉదయం బయలుదేరి చర్చి చూసుకుని పొద్దు గూకేలోగా ఇళ్ళు చేరుతున్నారు.

మెదక్‌లో ఫాస్నెట్ పని ముఖ్యంగా మాల, మాదిగ వాడల్లో సాగింది. అది నిజాం రాజ్యం. పటేలు, పట్వారీ, దేశ్‌ముఖుల మాటకు తిరుగులేని కాలం. ఆ వాడల వారికి ఊరి బావి నీళ్ళు లేవు, గుడి ప్రవేశం లేదు, బడి అసలే లేదు. పిలిచినప్పుడల్లా పోయి కూలి లేకుండా వెట్టి చేయవలసిందే. అటువంటి వాడలకు ఒక దొర వెళ్ళి వారి నడుమ కూర్చోవడమే అప్పట్లో పెద్ద విశేషం. ఆ కుటుంబాల నుంచే కొందరిని చేరదీసి చదువు చెప్పించి, బోధకులుగా తయారుచేసి తిరిగి పల్లెలకు పంపేవారు. ఆయన సోదరి ఎమిలీ, ఆమె స్నేహితురాలు సారా హారిస్ కూడా మెదక్‌లోనే ఉండి స్త్రీల వైద్యానికి, సేవకు జీవితాలు ధారపోశారు.

చర్చి కట్టడం వెనుక ఒక కథ చెబుతారు. తాను కట్టుకున్న బంగళా కన్నా అక్కడున్న చిన్న ప్రార్థన మందిరం కప్పు కిందికి ఉండటం ఫాస్నెట్‌కు నచ్చలేదట. దేవుడి ఇల్లు సేవకుడి ఇంటికన్నా ఎత్తుగా ఉండాలని అప్పుడే అనుకున్నారట. కారణం అదే కావచ్చు, మరొకటీ ఉండవచ్చు. 1914లో మాత్రం పని మొదలైంది.

అది కాని కాలం. ఐరోపాలో యుద్ధం మొదలైంది. ఇక్కడ కరువు వచ్చి పడింది, వెంట అంటురోగాలూ వచ్చాయి. గంజి కేంద్రం పెట్టి పుణ్యం కట్టుకున్న దాతలు ఏ కరువులోనైనా ఉంటారు. ఫాస్నెట్ వేరే దారి చూశారు. వచ్చిన వారి చేతికి పని ఇచ్చి, ఆ పనికి తిండి గడిచే ఏర్పాటు చేశారు. రాళ్ళు కొట్టేవారికి రాళ్ళ పని, మట్టి మోసేవారికి మట్టి పని. వెట్టికి అలవాటుపడ్డ ఆ చేతులకు చేసిన పనికి ప్రతిఫలం ముట్టడం కొత్త సంగతే అయి ఉంటుంది. అడుక్కున్నామన్న చిన్నతనం లేకుండా ఇంటికి మెతుకులు తీసుకుపోయారు. ప్రభుత్వం పనికి ఆహార పథకం తెచ్చింది 1977లో. అంతకు అరవై ఏళ్ళ ముందే ఈ ఊళ్ళో అది నడిచింది.

ఈ మెతుకుల వల్లనే ఊరికి మెదక్ అని పేరొచ్చిందని కొందరంటారు. అది సరికాదు. చర్చికి ఎన్నో వందల ఏళ్ళ ముందే ఇక్కడి కోటను మెతుకుదుర్గం అనేవారు.

పని పదేళ్ళు సాగింది. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు. లోపల దాదాపు ఐదు వేల మంది కూర్చోవచ్చు. నేల మీద పరిచిన పలకలు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చాయి. వాటిని పరచడానికి ఇటలీ నుంచి పనివారు వచ్చారు. 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు. ఊరి గుడి గడప దాటనివ్వని మనుషులు ఆ రోజు తాము రాళ్ళు మోసిన మందిరంలోకి తలెత్తుకుని నడిచారు.

అన్నం ఆశ చూపి మతంలో కలుపుకున్నారన్న మాట మిషనరీలందరి మీదా ఉన్నట్టే ఫాస్నెట్ మీదా ఉంది. ఆయన మతబోధకుడు. బోధ కోసమే వచ్చారు, అది దాచలేదు కూడా. కాని కరువుకు చాలా ముందు నుంచే వాడల జనం ఆయన వెంట నడిచారు. ఆకలి ఒక్కటే కారణమంటే లెక్క కుదరదు. మనిషిగా పలకరించినవాడి దగ్గరికి మనుషులు పోయారంటే కుదురుతుంది.

నలభై ఏళ్ళకు పైగా ఆయన ఇక్కడే గడిపారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ చర్చి మెదక్ అధ్యక్ష మండలానికి పెద్ద చర్చి అయింది. హైదరాబాదు సంఘాలు కూడా ఆ మండలంలోనివే. హైదరాబాదులో ఫాస్నెట్ భవన్ ఆయన పేరు మీదనే ఉంది.

చర్చికి మూడు వైపుల రంగుటద్దాల కిటికీలున్నాయి. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన బొమ్మలవి. వెలుగు బయటి నుంచి పడితేనే బొమ్మ కనిపిస్తుంది, చీకటి పడితే ఏమీ కనపడదు. క్రీస్తు ఆరోహణం కిటికీ 1927లో, జననం కిటికీ 1947లో అమరింది. శిలువ కిటికీ 1958లో వచ్చింది. దాన్ని చూడటానికి ఫాస్నెట్ లేరు. ఆయన 1950లో కన్నుమూశారు.

2024 డిసెంబరు 25న చర్చికి నూరేళ్ళ పండుగ జరిగింది. ఆ నాడు బారులు తీరిన జనంలో అప్పటి రాళ్ళు మోసినవారి మునిమనుమలు, మునిమనుమరాళ్ళు కూడా ఉన్నారు.