జాన్ ఎవరెట్ క్లౌ

జాన్ ఎవరెట్ క్లౌ (జూలై 16, 1836 - నవంబరు 24, 1910) అమెరికాకు చెందిన బాప్టిస్టు మిషనరీ. ఒంగోలు కేంద్రంగా సుమారు నాలుగు దశాబ్దాలు పనిచేసాడు. 1876-78 నాటి ధాత కరువులో చేపట్టిన సహాయ పనుల వలన, తరువాత గుండ్లకమ్మ నదిలో జరిగిన సామూహిక బాప్తిస్మాల వలన ప్రసిద్ధుడయ్యాడు. ఈ ప్రాంత ప్రజలు ఈయనను క్లౌ దొరగా ఎరుగుదురు.

తొలి జీవితం

క్లౌ న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించాడు. యౌవనంలో మిన్నెసోటా ప్రాంతంలో భూమి కొలిచే సర్వే బృందంలో పనిచేసి, తరువాత అయోవాలో చదువుకున్నాడు. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషనులో చేరేవారు చాలా తక్కువ కావడంతో, దానిని మూసివేయాలని అమెరికాలో పలుమార్లు చర్చ జరిగింది. లైమన్ జూవెట్ పట్టుదల వలన మిషను నిలిచింది. అమెరికా అంతర్యుద్ధం ఇంకా ముగియని 1864లో జూవెట్‌తో పాటు క్లౌ ఓడలో బయలుదేరి 1865లో మద్రాసు చేరాడు. నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో ఒంగోలు వచ్చాడు.

ఒంగోలులో నిర్ణయం

తోళ్ళ వ్యాపారి, మాదిగ కులస్తుడు అయిన యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడైన తరువాత ఆ కులస్తులు అనేకులు క్లౌ వద్దకు రాసాగారు. వారిని చేర్చుకుంటే తాము దూరమవుతామని అగ్రకులాల వారు తెలియజేసారు. క్లౌ మాదిగల పక్షాన నిలిచాడు. అగ్రకులాల పిల్లలు ఆయన పాఠశాల విడిచిపోయారు.

కరువు

కరువులో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. సర్వే పని తెలిసిన క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకొని, వేలమందికి కూలి కల్పించాడు. అన్నం కొరకే మతం మారుతున్నారన్న మాట రాకుండా, సుమారు పదిహేను నెలలు బాప్తిస్మాలు నిలిపివేసాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. జూన్ 16 నుండి జూలై 31 వరకు ఈ సంఖ్య 8,691. ఇంతమందిని ఒక్కసారిగా చేర్చుకోవడంపై విమర్శలు కూడా వచ్చాయి. ఈ మార్పుకు కారణం ఆకలియా, ఆత్మగౌరవమా అన్నది నేటికీ చర్చనీయాంశమే.

పశ్చిమ ప్రాంతం

గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, తూర్పుగా ప్రవహిస్తుంది. నాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోను, కంభం, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను ఉండేవి. 1878 తరువాత సంఘస్తుల సంఖ్య ఒక్క కేంద్రం నిర్వహించలేనంతగా పెరగడంతో ఒంగోలు మిషను క్షేత్రాన్ని విభజించారు. కంభం, ఆ తరువాత మార్కాపురం ప్రత్యేక కేంద్రాలయ్యాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినపుడు ఈ రెండు ప్రాంతాలు ఒకే జిల్లాలోకి వచ్చాయి.

చివరి రోజులు

మొదటి భార్య హ్యారియెట్ మరణించిన తరువాత, క్లౌ 1894లో ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడాడు. 1910లో రోచెస్టరు నగరంలో మరణించాడు. ఆయన జ్ఞాపకాలను ఎమ్మా గ్రంథస్థం చేయగా, 1914లో ఆ పుస్తకం వెలువడింది. ఒంగోలులో క్లౌ స్మారక ఆసుపత్రిని ఆయన పేరిట నెలకొల్పారు.