నిజాం కానుక: ఒక విమానం ఆనవాలు

1886లో జన్మించిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో హైదరాబాదు సింహాసనాన్ని అధిష్ఠించారు. షాద్‌నగర్ మెట్టపొలాల రైతులు నాడు ఆయన ఏలుబడిలోనివారే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆంగ్లేయుల 110వ వైమానిక దళానికి డి.హెచ్.9ఎ విమానాలు సమకూర్చుటకు ఆయన ధనమిచ్చారు. ఆ విమానాలపై దాతగా ఆయన పేరు వ్రాయబడింది. 1918 అక్టోబరు 5న వాటిలో ఒకటి జర్మనులకు చిక్కింది. అది బెర్లిన్ ప్రదర్శనశాలకు, పిదప పోలెండుకు చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానానికి బదులుగా బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియానికి తిరిగివచ్చింది. దాత పేరు దళంలోని విమానాలన్నింటికీ ఉమ్మడి. ఇది ఫలానాదని నిర్ధారించేది ఎఫ్1010 అనే సంఖ్య. 1948లో ఆయన రాజ్యాధికారం ముగిసింది. 1967లో ఆయన కన్నుమూశారు. ప్రజల శిస్తుతో పెరిగిన సిరి ఎంత దూరం ఎగిరిపోయిందో చెప్పుటకు ఆ సంఖ్య నేటికీ సాక్షి.