మూడేళ్ళ ఆట, పన్నెండేళ్ళ పడక

బాస్కెట్‌బాల్ ఒక క్రైస్తవ సంస్థ గోడల మధ్య పుట్టిన ఆట అని మన సంఘాల్లో చాలామందికి తెలియదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, చలికాలంలో కుర్రవాళ్ళను లోపలే ఆడించడానికి, వేదాంత విద్య చదివిన జేమ్స్ నైస్మిత్ రెండు పండ్ల బుట్టలు కట్టించి ఈ ఆటను తయారుచేశాడు. మన దేశంలో కూడా దీన్ని నేర్పినవారిలో వై.ఎం.సి.ఎ. వారు ముందున్నారు. అయితే ఈ వారం మేము వ్రాయదలచింది నైస్మిత్ గురించి కాదు. ఆ ఆటను జీతానికి ఆడే జట్టులో చేరి, మూడే మూడేళ్ళు ఆడి, పన్నెండేళ్ళు పడక మీద గడిపి, 36 ఏళ్ళకే కన్నుమూసిన మోరిస్ స్టోక్స్ గురించి.

ఆ జట్టు పేరు రాయల్స్. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ వారి ఊరు. బాబ్ డేవిస్, ఆర్నీ రైసెన్, బాబీ వాంజర్ వంటి ఆటగాళ్ళు 1951లో ఆ జట్టుకు జాతీయ విజేత పదవి తెచ్చిపెట్టారు. తరువాత ఈనాటివరకు ఆ క్లబ్బుకు మరో విజేత పదవి దక్కలేదు. 1955లో డేవిస్ ఆట మానేశాడు, వాంజర్ శిక్షకుడయ్యాడు. పాతతరం వెళ్ళిపోతున్న ఆ ఏడాదే ఇద్దరు కుర్రవాళ్ళు ఆ జట్టులోకి వచ్చారు. ఒకడు స్టోక్స్, రెండోవాడు జాక్ ట్వైమన్.

ఇద్దరూ పిట్స్‌బర్గ్ పిల్లలే. స్టోక్స్ నల్లజాతివాడు, ఉక్కు కర్మాగారంలో పనిచేసే కార్మికుని కొడుకు. లొరెట్టో అనే చిన్న ఊళ్ళో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు నడిపే సెయింట్ ఫ్రాన్సిస్ కళాశాలలో చదివాడు. 1955లో న్యూయార్క్‌లో జరిగిన జాతీయ ఆహ్వాన పోటీల్లో ఆ కళాశాల నాలుగో స్థానంలో నిలిచినా, పోటీలన్నిటిలో ఉత్తమ ఆటగాడు మాత్రం స్టోక్సే అన్నారు. అదే పోటీల్లో మూడో స్థానం తీసుకున్నది సిన్సినాటి విశ్వవిద్యాలయం. ఆ జట్టులో ట్వైమన్ ఉన్నాడు. ట్వైమన్ తెల్లవాడు. అంటే ఒకే జట్టు చొక్కా తొడుక్కోకముందు వీళ్ళు ఎదురెదురుగా నిలబడి ఆడినవాళ్ళే.

స్టోక్స్ ఆరడుగుల ఏడంగుళాల మనిషి. ఆ ఎత్తుకు తగ్గ ఒళ్ళు. అయినా పొట్టివాళ్ళలా బంతిని తట్టుకుంటూ పరుగెత్తేవాడట, పక్కవాడికి చక్కగా అందించేవాడట. బుట్టలో పడకుండా తిరిగివచ్చే బంతిని అందుకోవడంలో అతనికి సాటి కొద్దిమందే. మొదటి ఏడాదే ఉత్తమ నూతన ఆటగాడనిపించుకున్నాడు. ఒక్క ఆటలో అలాంటి బంతులు 38 పట్టాడు. ఆడిన మూడేళ్ళూ లీగ్ మేటి ఆటగాళ్ళ జట్టుకు ఎంపికయ్యాడు. 1957లో క్లబ్బు రోచెస్టర్ వదిలి సిన్సినాటికి మారింది.

1958 మార్చి 12. ఆ సీజన్ చివరి లీగ్ ఆట, మినియాపోలిస్‌లో. బుట్ట వైపు దూసుకుపోతూ స్టోక్స్ కిందపడ్డాడు, తల నేలకు కొట్టుకుంది. కొన్ని నిమిషాలు స్పృహ లేదు. ముక్కు దగ్గర ఘాటు లవణాలు పెట్టి లేపారు. లేచాడు, మళ్ళీ ఆటలోకి వెళ్ళాడు. ఆ కాలంలో అది మామూలే. మూడు రోజుల తరువాత డెట్రాయిట్‌లో కూడా ఆడి 12 పాయింట్లు చేశాడు. తిరుగు ప్రయాణంలో, విమానంలో అతని పరిస్థితి విషమించింది. మూర్ఛ వచ్చింది, తరువాత కోమాలోకి వెళ్ళాడు. వారాల తరువాత తెలివి వచ్చింది గాని ఒళ్ళంతా చచ్చుబడిపోయింది, మాట పోయింది. తలకు తగిలిన దెబ్బ మెదడును దెబ్బతీసిందని వైద్యులు తేల్చారు. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మాట్లాడుకునేదంతా వింటూ, అర్థం చేసుకుంటూ, ఒక్క మాట పలకలేక, 24 ఏళ్ళ వయసులో అతడు పడుకుని ఉన్నాడు.

ఆనాటి ఆటగాళ్ళకు ఇప్పటిలాగా వైద్య బీమా గాని పింఛను గాని లేవు. బ్యాంకులో స్టోక్స్ దాచుకున్న డబ్బు ఉంది, సంతకం పెట్టే చెయ్యి లేదు. తల్లిదండ్రులు పిట్స్‌బర్గ్‌లో ఉన్నారు. సీజన్ అయిపోగానే జట్టువాళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. సిన్సినాటిలో ఇల్లున్నవాడు ట్వైమన్. అతనికి అప్పుడు 23 ఏళ్ళు, పెళ్ళయింది. ఆట లేని నెలల్లో బీమా పాలసీలు అమ్ముకునేవాడు. అతడు కోర్టుకు వెళ్ళి స్టోక్స్‌కు చట్టబద్ధమైన సంరక్షకుడయ్యాడు. ఒక తెల్ల కుర్రవాడు ఒక నల్ల కుర్రవాడి బాధ్యత కోర్టులో సంతకం పెట్టి నెత్తిన వేసుకోవడం ఆనాటి అమెరికాలో వింతే.

తరువాత అతడు చేసిన పని చూస్తే మాకు కొంత సిగ్గుగా ఉంది. అందులో కన్నీళ్ళు పెట్టించే దృశ్యాలు తక్కువ, కాగితాలు ఎక్కువ. పని చేస్తూ గాయపడిన ఏ కార్మికునికైనా నష్టపరిహారం ఇవ్వాలని ఒహైయో రాష్ట్ర చట్టం. బంతి ఆట కూడా పనే, ఆ పడటం పనిలో పడటమే అని వాదించి ట్వైమన్ ఆ పరిహారం సాధించాడు. అదీ చాలలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని కుట్షర్స్ విడిది వద్ద 1958 నుండి ప్రతి వేసవిలో లీగ్ మేటి ఆటగాళ్ళను పోగుచేసి ఆట పెట్టించి, వచ్చిన డబ్బు ఆసుపత్రి బిల్లులకు కట్టాడు. విల్ట్ ఛాంబర్లేన్ అంతటివాడు వచ్చి ఆడాడు. ఇదంతా తన ఆట మానుకుని చేసింది కాదు. 1959–60 సీజన్‌లో ట్వైమన్ సగటున ఆటకు 31 పాయింట్లకు పైగా చేశాడు.

మన సంఘాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒక విశ్వాసి పక్షవాతంతో పడిపోతే మొదటి వారం మంచం చుట్టూ చోటుండదు. పాటలు పాడతాం, ప్రార్థిస్తాం, పండ్లు పెట్టి వస్తాం. ఆరో నెలలో బ్యాంకుకు, పింఛను ఆఫీసుకు ఆ ఇంటి మనిషి వెంట నడిచేది ఎవరు? కపెర్నహూములో పక్షవాయువు గలవాని మోసుకొచ్చిన నలుగురి మీద మేము ఎన్నో ప్రసంగాలు చేశాం. విప్పిన కప్పు మళ్ళీ ఎవరు నేయించారో, దానికి ఎంతయిందో ఒక్కసారీ ఆలోచించలేదు.

స్టోక్స్‌ను కేవలం మోయబడినవానిగా చూస్తే అన్యాయం. మొదట్లో ట్వైమన్ ఒక్కొక్క అక్షరం చెబుతుంటే సరైన అక్షరం దగ్గర కనురెప్ప ఆర్పి మాట కూర్చేవాడు. వేళ్ళు కదిలించడానికి రోజూ గంటలకొద్దీ, ఏళ్ళ తరబడి కసరత్తు చేశాడు. టైపు కొట్టడం నేర్చుకున్నాడు. ఆ టైపు మీద మొదట కొట్టిన వాటిలో ఒకటి ట్వైమన్‌కు కృతజ్ఞత తెలిపే ఉత్తరం. చిత్రాలకు రంగులు వేశాడు. ఊతకర్రలతో, ఇనుప పట్టీలతో కొన్ని అడుగులు వేశాడు. అతనిలో చిరాకు కన్నా నవ్వే ఎక్కువ కనిపించేదని చూసినవాళ్ళు చెప్పారు. ట్వైమన్ కూడా తాను ఇచ్చినదానికన్నా అతని దగ్గర పొందిందే ఎక్కువని జీవితాంతం చెబుతూ వచ్చాడు. మర్యాదకు అన్న మాటని మేము అనుకోవడం లేదు.

జట్టు మాత్రం మారిపోతూనే ఉంది. 1960లో ఆస్కార్ రాబర్ట్‌సన్ వచ్చాడు, 1963లో జెర్రీ లూకస్ వచ్చాడు. 1966లో ట్వైమన్ ఆట విరమించాడు, సంరక్షకత్వం విరమించలేదు. 1970 ఏప్రిల్ 6న గుండెపోటుతో స్టోక్స్ చనిపోయాడు. అతని కోరిక మేరకు సెయింట్ ఫ్రాన్సిస్ కళాశాల ఆవరణలో, సన్యాసుల సమాధుల మధ్య పాతిపెట్టారు. అదే నెలలో రాబర్ట్‌సన్‌ను మరో జట్టుకు ఇచ్చేశారు. 1972లో క్లబ్బు కాన్సాస్ సిటీకి, 1985లో శాక్రమెంటోకు వెళ్ళి కింగ్స్ అనే పేరుతో స్థిరపడింది.

వేసవి ఆట అతని మరణంతో ఆగలేదు. ఇబ్బందుల్లో ఉన్న పాత ఆటగాళ్ళ కోసం అతని పేరునే కొనసాగింది. ఒప్పందాలు, బీమా నిబంధనలు ఆటగాళ్ళను బంతి ఆట ఆడనివ్వని కాలం వచ్చినప్పుడు దాన్ని గోల్ఫ్ పోటీగా మార్చుకున్నారు.

2004లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని నైస్మిత్ స్మారక మందిరంలో స్టోక్స్ పేరు చేర్చినప్పుడు అతని తరఫున ఆ గౌరవం అందుకున్నది 70 ఏళ్ళ ట్వైమన్. 2012లో అతడూ పోయాడు. ఈనాడు కింగ్స్ క్లబ్బులో మరెవరికీ ఇవ్వకుండా గౌరవంగా పక్కన పెట్టిన చొక్కా నంబర్లలో స్టోక్స్ తొడిగిన 12, ట్వైమన్ తొడిగిన 27 ఉన్నాయి. శాక్రమెంటో తరఫున వాళ్ళిద్దరూ ఒక్క ఆట కూడా ఆడలేదు.