నవాబు జఫర్ జంగ్ – నిజామియా వేధశాల

సిరిసంపదలు గలవారు మేడలు కట్టించడం లోకంలో సామాన్యం. నక్షత్రాలను పరిశీలించడానికి ధనం వెచ్చించినవారు అరుదు. హైదరాబాదు రాజ్యంలో అట్టి అరుదైన ప్రభువు నవాబు జఫర్ జంగ్ బహద్దూర్.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనలో, ఖగోళశాస్త్రంపై గల మక్కువతో, ఆయన డబ్లిన్ నగరపు గ్రబ్ సంస్థ తయారుచేసిన 15 అంగుళాల దూరదర్శినిని సొంత ధనంతో తెప్పించారు. 1901లో హైదరాబాదులోని ఫిసల్‌బండ వద్ద వేధశాల నెలకొల్పారు. దానికి తన పేరు పెట్టుకొనలేదు. నిజామియా అని పేరిడుటకు అనుమతి వేడి, తన తదనంతరం ప్రభుత్వమే దానిని స్వీకరించవలెనని విన్నవించుకొన్నారు. 1907లో ఆయన కన్నుమూశారు. 1908లో ప్రభుత్వం ఆ సంస్థను చేపట్టింది.

ఆ విన్నపం ఎంత దూరదృష్టితో కూడినదో తరువాతి చరిత్ర చాటింది. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళవేత్తలు యావదాకాశాన్ని ఛాయాచిత్రాలలో బంధించి, నక్షత్రాల పట్టిక సిద్ధపరచ సంకల్పించారు. ఆకాశాన్ని పట్టీలుగా విభజించి, వివిధ దేశాల వేధశాలలకు పంచియిచ్చారు. పద్ధతి అందరికీ ఒక్కటే. వ్యయం మాత్రం ఎవరిది వారిదే. తొలుత చిలీ దేశపు శాంటియాగోకు కేటాయించిన పట్టీ, అనగా దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకు గలది, హైదరాబాదు వంతుకు వచ్చింది. వేసవి రాత్రులలో మన శ్రీరాంపూర్ ఆకాశాన కనిపించే అనూరాధ చుక్కలలో కొన్ని ఆ పట్టీలోనివే.

వేధశాల బేగంపేటకు తరలింది. పోకాక్ ఆధ్వర్యంలోను, 1918 నుండి టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలోను ఈ మహాకార్యం సాగింది. గాజు పలకలపై పడిన ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి లెక్కకట్టడమే అక్కడివారి నిత్యకృత్యం. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. జర్మనీలోని పోట్స్‌డామ్ వదలిన పట్టీలో 36 నుండి 39 ఉత్తర డిగ్రీల భాగాన్ని కూడ హైదరాబాదే పూరించింది. మిగిలిన భాగాన్ని ఆక్స్‌ఫర్డ్, బెల్జియంలోని ఉక్లె పంచుకొన్నవి.

ఆ శ్రమ వృథా కాలేదు. ఐరోపా వారి హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన స్థానాలను ఈ పాత పట్టికలతో పోల్చి, నక్షత్రాలు ఎటు ఎంత కదిలాయో లెక్కించారు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలోని ఇరవైయైదు లక్షల నక్షత్రాల గమనాలకు ఆ పోలికే ముఖ్యాధారం. ఎంత గొప్ప ఉపగ్రహమైనా నూరేళ్ల క్రితపు ఆకాశాన్ని చూడలేదు గదా!

దాత మరణించిన పిదప కూడ ఫలమిచ్చే దానాన్ని సదఖా-ఎ-జారియా అంటాము. జఫర్ జంగ్ దూరదర్శిని కొని ఊరకుండిన, అది ఆయనతోపాటే మరుగునపడేది. దానిని నడిపే బాధ్యతను సైతం ఆయన ముందుగానే ఒక వ్యవస్థకు అప్పగించదలచారు. విద్యాసంస్థలకు దానమిచ్చేవారు, ఆ దానాన్ని స్వీకరించేవారు ఉభయులూ గుర్తుంచుకొనదగిన విషయమిది. విద్యార్థులారా, ఈ వేసవిలో ఒకనాటి రాత్రి తలయెత్తి అనూరాధను వెదకండి. ఆ చుక్కలను కొలిచినవారి పేర్లు అనేకం మనకు తెలియవు. కొలతలు మాత్రం నిలిచియున్నవి.