చిత్తూరు నాగయ్యగారు

మనము ఆరాధనలో వాడు కీర్తనల పుస్తకమును తెరచి చూడుడు. అనేక కీర్తనలపైన రాగము పేరును తాళము పేరును అచ్చువేసియుండును. ఆ రాగములు ఈ దేశమున తరతరములుగా పాడినవారి నోటనుండి మనకు వచ్చినవి. అట్టివారిలో గొప్పవాడైన త్యాగరాజుగారి కథను చలనచిత్రముగా తీసి, సంగీతము చదువని పల్లెవారికిని వినిపించినవాడు మన ప్రాంతపువాడే. ఆయన చిత్తూరు నాగయ్యగారు.

ఊరి పేరు చిత్తూరైనను ఆయన 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రేపల్లెలో జన్మించెను. (రేపల్లె 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది.) పెరిగినది, నాటకములాడినది చిత్తూరులో గనుక ఆ పేరు నిలిచిపోయెను. కొంతకాలము గుమాస్తాగాను, కొంతకాలము పత్రికా విలేఖరిగాను పనిచేసెను. మంచి గొంతు ఉండుటచేత గ్రామఫోను రికార్డులకు పాడెను. 1938లో గృహలక్ష్మి చిత్రముతో సినిమాలో ప్రవేశించెను. 1942లో భక్త పోతనగా నటించినప్పుడు తెలుగునాట ఆయనను ఎరుగని ఊరు లేకపోయెను.

ఇక త్యాగరాజుగారి సంగతి. ఆయన ఇంటిపేరు కాకర్ల. పూర్వులు కంభము ప్రాంతపు కాకర్ల గ్రామమునుండి దక్షిణమునకు వలసపోయిరని చెప్పుదురు. ఆయన 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో కాపురముండి, ఎక్కువగా తెలుగులో కీర్తనలు కట్టెను. వీధులవెంట పాడుచు ఇంటింట బియ్యము తెచ్చుకొని బ్రదికెను. ఆయన గురువు శొంఠి వెంకటరమణయ్యగారు తంజావూరు ఆస్థాన విద్వాంసుడు. శిష్యుని పాటను ఒకనాడు తన ఇంట పెద్దల యెదుట పాడించి, విని పొంగిపోయి, రాజుగారితో చెప్పెనట. రాజు ధనమిచ్చి పిలువనంపగా శిష్యుడు నిరాకరించెను. దానికి అన్నగారు కోపించి, తమ్ముడు పూజించు విగ్రహములను కావేరిలో వేసెనని శిష్యపరంపర చెప్పుచు వచ్చినది.

నాకు తోచినంతవరకు ఈ కథలో కఠినమైన భాగము రాజుగారి ధనము కాదు, గురువుగారి ప్రేమ. పగవాడు తెచ్చిన శోధనను త్రోసివేయుట తేలిక. విద్య నేర్పి, కన్నబిడ్డవలె చూచి, మేలు కోరి తలుపు తెరచిన గురువును నొప్పించక ఆ తలుపు దాటకుండుట ఎట్లు? సువార్తలో ధనవంతుడైన యౌవనుడు దుఃఖముతో తిరిగి వెళ్లిన సంగతి మీరు ఎరుగుదురు. ఇక్కడ పేదవాడు ఇంట కలహమును భరించి కూర్చుండెను.

ఈ కథను తెరమీదికి తేవలెనని నాగయ్యగారు పూనుకొనినప్పుడు జీతముకొరకు ఇతరుల చిత్రములో వేషము వేయు దారి సులువుగానే ఉండెను. ఆయన ఆ దారిని విడిచి తన సొంత రేణుకా ఫిలిమ్స్ పేరుమీద త్యాగయ్య చిత్రమును తానే నిర్మించి, దర్శకత్వము వహించి, సంగీతము కూర్చి, నటించి, పాడెను. మాటలు వ్రాసిన సముద్రాల రాఘవాచార్యులుగారును రేపల్లె తాలూకావారే. 1946లో చిత్రము వెలువడెను. అభిమానులు నాగయ్యగారిలో నటుని మరచి త్యాగయ్యనే చూచిరి. నిజమునకు ఇది ఏ నటునికైనను కొంత భారమే. మరునాడు అతడు మరల మనుష్యుడే కదా!

ఆయన ఒక చిత్రమునకు లక్ష రూపాయలు పుచ్చుకొనిన దినములు కలవని చెప్పుదురు. ఆ కాలమున లక్ష యనగా ఎంత మాగాణి కొనవచ్చునో మీ యింటి పెద్దలనడుగుడు. మద్రాసులోని ఆయన ఇంట వచ్చినవారందరికి అన్నము దొరకెడిది. అడిగినవానికి లేదనుట ఆయనకు చేతకాలేదని ఎరిగినవారందరు చెప్పిరి. లెక్క వ్రాసికొను అలవాటు లేదు. ఇచ్చుట మంచిదే గాని, రేపటికి విత్తనము దాచుకొనని రైతును చూచినట్లు ఆయనను చూచి స్నేహితులు బాధపడిరి. వారి మాటలోను న్యాయము కలదు.

1953లో నా ఇల్లు తీసెను. రామదాసు చిత్రము చాల కష్టములమీద 1964లో బయటపడెను. 1965లో పద్మశ్రీ బిరుదు వచ్చెను. అయినను చేతిలో ధనము నిలువలేదు. ఒకప్పుడు కథకంతటికి నాయకుడైనవాడు ముసలితనమున తండ్రి వేషములు, మునుల వేషములు, కొద్ది నిముషముల పాత్రలు వేసి పొట్టపోసికొనెను. త్యాగయ్యకు లేమి తాను కోరుకొనినది. నాగయ్యగారిది అట్లు కోరినది కాదు. ఇచ్చుచు ఇచ్చుచు నుండగా తలుపు తట్టి లోపలికి వచ్చినది. ఈ భేదమును ఆయనను పొగడువారు మరచిపోదురు.

1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూసెను. ఆ నగరములోని పానగల్ పార్కులో ఆయన విగ్రహమును నిలిపిరి.