కానుకలు తిప్పి పంపిన రాజు నజాషీ

ఎర్ర సముద్రం ఒడ్డున అదూలిస్ రేవు. ఏనుగు దంతాలు, బంగారం ఇక్కడి నుంచే ఓడలెక్కేవి. నేటి ఇథియోపియా, ఎరిత్రియా ప్రాంతాల్లోని అక్సూమ్ రాజ్యం ఈ వ్యాపారంతోనే ఎదిగింది. 3వ శతాబ్దం నుంచే సొంతంగా బంగారు నాణేలు వేయించింది. 4వ శతాబ్దంలో ఎజానా రాజు క్రైస్తవం స్వీకరించాడు.

అదే గద్దెపై తర్వాత కూర్చున్నవారు అస్‌హమా. మనం పిలుచుకునే నజాషీ ఈయనే. నిజానికి నజాషీ అన్నది పేరు కాదు, హబ్షా రాజుల బిరుదు.

615లో మక్కాలో వేధింపులు భరించలేక కొందరు ముస్లింలు ప్రవక్త ముహమ్మద్ (స) సలహాపై సముద్రం దాటి హబ్షా చేరారు. వాళ్లను అప్పగించమంటూ ఖురైషులు అమ్ర్ బిన్ ఆస్ చేత మేలురకం తోలు కానుకలు పంపారు. ఖురైషులు వ్యాపారులు. హబ్షాతో వాళ్లకు పాత లావాదేవీలున్నాయి. రాజు తలూపితే చాలు, పని అయిపోయేదే.

నజాషీ ఒకవైపు మాటే విని తీర్పు చెప్పలేదు. శరణు కోరినవాళ్లనూ పిలిపించారు. జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) సూరహ్ మర్యం ఆయతులు వినిపిస్తే కన్నీళ్లు పెట్టుకున్నారు. ముస్లింలకు రక్షణ ఇచ్చి, కానుకలు తిప్పి పంపేశారు.

630 ప్రాంతంలో ఆయన కన్నుమూశారు. మదీనాలో ప్రవక్త (స) ఆయన కోసం గాయబానా జనాజా నమాజు చేయించారు.

7వ శతాబ్దంలోనే అక్సూమ్ బంగారు నాణేలు ఆగిపోయాయి. ఎర్ర సముద్రం వ్యాపారం చేతులు మారింది. అదూలిస్ పాడుబడింది. ఇథియోపియాలో నెగాష్ అనే ఊరు మాత్రం నేటికీ నజాషీ పేరుతోనే ఉంది.