కార్నిష్ బాయిలరు దొర – రిచర్డ్ ట్రెవిథిక్

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. ప్రకాశం పంతులుగారి గురించో, కొండా వెంకటప్పయ్య పంతులుగారి గురించో రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. ఆ పని వారికి వదిలి, నేను ముప్పై యేళ్లకు పైగా ఎవరి చేతిపని పేరును రిజిస్టర్లలో రాస్తూ వచ్చానో, ఎవరో తెలియకుండానే రిటైరయ్యానో, ఆయన గురించి రాస్తాను.

నేను బాయిలర్ల ఫైళ్లు చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. రిజిస్టరులో బాయిలరు నంబరు, యజమాని పేరు, ఊరు, పని ఒత్తిడి, ఆ పక్కన రకం అని ఒక గడి ఉండేది. అందులో లాంకషైర్ అనో, వెర్టికల్ అనో, కార్నిష్ అనో రాసేవాళ్లం. కార్నిష్ అంటే ఏదో కంపెనీ పేరనుకున్నాను. రిటైరయిన తరువాత మా మనవడు ఇంజనీరింగు చదువుతుంటే వాడి పుస్తకం తిరగేసి తెలుసుకున్నాను. అది ఇంగ్లండుకు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ అనే ప్రాంతం పేరు. ఆ బాయిలరు చేసినవాడు ఆ ప్రాంతపు మనిషి, రిచర్డ్ ట్రెవిథిక్.

ఆయన 1771 ఏప్రిల్ 13న ఇల్లోగన్ అనే పల్లె ప్రాంతంలో పుట్టాడు. తండ్రి రాగి, తగరం గనులలో మేస్త్రీ. గనులలో నీళ్లు తోడే ఆవిరి యంత్రాల మధ్యనే పిల్లవాడు పెరిగాడు. బడిలో మంచి పేరు లేదు. మొండివాడు, బద్ధకస్తుడు, బడి ఎగ్గొట్టేవాడు అని పంతులు రాసిపెట్టాడు. లెక్కలు మాత్రం పంతులు చెప్పిన దారిన కాక తన దారిన చేసి సరైన జవాబు తెచ్చేవాడట. మనిషి ఆరడుగుల రెండంగుళాలు, కుస్తీలో దిట్ట. 1797లో హేల్ ఊరి ఇనుప ఫౌండ్రీ వారి అమ్మాయి జేన్ హార్వేని పెళ్లాడాడు. ఆ ఏడే తండ్రి పోయాడు.

ఆ రోజుల్లో ఆవిరి అంటే జేమ్స్ వాట్‌దే రాజ్యం. వాట్ యంత్రాలు చాలా తక్కువ ఒత్తిడితో నడిచేవి. ఎక్కువ ఒత్తిడి ఆవిరి అంటే ఆయనకు భయం, ఆ భయంలో న్యాయమూ ఉంది. ఆనాటి పోత ఇనుము, ఆనాటి అతుకులు ఎంతకు ఆగుతాయో ఎవరూ చెప్పలేరు. 1800లో వాట్ పేటెంటు గడువు తీరింది. ట్రెవిథిక్ గట్టి ఆవిరి వైపు వెళ్లాడు. ఆవిరిని మళ్లీ నీరుగా చల్లార్చే సరంజామా అంతా తీసేసి, పని చేసిన ఆవిరిని గాలిలోకి వదిలేస్తే నష్టమెంత అని లెక్కలు తెలిసిన డేవీస్ గిడ్డీ అనే మిత్రుణ్ణి అడిగాడు. వాతావరణం ఒత్తిడి ఒక్కటే నష్టం అని ఆయన తేల్చాడు. దాంతో యంత్రం చిన్నదయింది, బండి మీద పెట్టే వీలు చిక్కింది.

1801 డిసెంబరు 24న కాంబోర్న్ ఊళ్లో మనుషులను ఎక్కించుకుని ఆవిరి బండి గుట్ట ఎక్కింది. కొద్ది రోజులకే దారిలో గుంటలో పడి ఆగింది. బండిని ఒక పాక కిందకు తోసి, పొయ్యి ఆర్పకుండా అందరూ హోటలుకు వెళ్లి బాతుమాంసం తిని, తాగి కూర్చున్నారు. నీళ్లన్నీ ఇగిరిపోయి, ఇనుము ఎర్రగా కాగి, బండీ పాకా కాలిపోయాయి. నీళ్లు తగ్గిన బాయిలరు ఎంత పని చేస్తుందో ఆయనకు అందిన మొదటి పాఠం ఇది. ప్రాణనష్టం లేదు గనుక నవ్వుకుని చెప్పుకున్నారు.

రెండోదానికి నవ్వడానికి లేకపోయింది. 1803 సెప్టెంబరు 8న లండను దగ్గర గ్రీనిచ్‌లో పునాదుల నీళ్లు తోడుతున్న ఆయన యంత్రం బాయిలరు పేలింది. నలుగురు చనిపోయారు. యంత్రం చూసుకోవలసిన కుర్రవాడు దాన్ని వదిలి పాముచేపలు పట్టడానికి వెళ్లాడట. యంత్రం జోరు ఎక్కువయిందని ఇంకొకడు వచ్చి దాన్ని ఆపేశాడు. సేఫ్టీ వాల్వు కడ్డీ లేవకుండా బిగించి ఉన్న స్పానరు మాత్రం తీయలేదు. యంత్రం ఆగితే ఆవిరి వాడకం ఆగుతుంది, మంట మాత్రం ఆగదు. బయటకు పోయే ఒక్క దారీ మూసి ఉంది.

ఇక్కడ వాల్వు సంగతి కొంచెం చెప్పాలి. సేఫ్టీ వాల్వు ట్రెవిథిక్ కనిపెట్టింది కాదు. 1679లో డెనిస్ పాపెన్ అనే ఫ్రెంచి పండితుడు ఎముకలు మెత్తబడేలా ఉడికించే ఒక పాత్ర చేశాడు. మన ఇళ్లలోని కుక్కరుకు అదే ముత్తాత. దానికి చిల్లు మీద ఒక మూత, మూత మీద కడ్డీ, కడ్డీకి వేలాడే బరువు పెట్టాడు. పత్తి బోరేలు, మిరప టిక్కీలు తూచే కాటాలో బరువును కడ్డీ మీద ముందుకూ వెనక్కూ జరుపుతామే, అదే సూత్రం. బరువు కొసకు జరిపితే ఎక్కువ ఒత్తిడికి గాని మూత లేవదు. చూడడానికి ఎంతో సులువు, పాడుచేయడానికీ అంతే సులువు.

అది నేను కళ్లారా చూశాను. 1981 పత్తి సీజనులో ఒక పత్తిగింజల నూనె మిల్లు నుండి బాయిలరు సర్టిఫికెట్టు రెన్యువలుకు దరఖాస్తు వచ్చింది. మా చెల్లెలి పెళ్లి హడావుడిలో ఆ కాగితం నా బల్ల మీద తొమ్మిది రోజులు పడి ఉంది. చివరికి ఇన్‌స్పెక్టరుగారు బయలుదేరుతూ జీపులో చోటుందని నన్నూ రమ్మన్నారు. వెళ్లి చూస్తే సేఫ్టీ వాల్వు కడ్డీ చివర, ఉండవలసిన బరువుతోపాటు, ఒక అయిదు కిలోల తూనికరాయి బైండింగు వైరుతో కట్టి ఉంది. వాల్వు ముందుగానే ఊదేస్తోందని, ఆవిరి వృథా అవుతోందని, పది రోజుల కిందట కట్టామని ఫైర్‌మన్ ఏ దాపరికం లేకుండా చెప్పాడు. ఆ పది రోజుల్లో తొమ్మిది రోజులు నావని నాకొక్కడికే తెలుసు.

ఇన్‌స్పెక్టరుగారు అక్కడే ఒక చిత్తుకాగితం మీద లెక్క వేసి నాకు చూపించారు. కడ్డీ వల్ల బరువు అయిదు రెట్లవుతుంది గనుక 5 కిలోలు వాల్వు మీద 25 కిలోలు. రెండంగుళాల వాల్వు వైశాల్యం సుమారు 20 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు 1.25 కిలోలు అదనం. ఏడు కిలోల బాయిలరుకు అది 18 శాతం దాకా ఎక్కువ. అన్ని దారులూ మూసి పూర్తి మంట వేసినా ఒత్తిడి పది శాతానికి మించి పెరగకుండా సేఫ్టీ వాల్వు ఆవిరిని వదలగలగాలన్నది నియమం.

మంట లాగించి, రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు గేజి సున్నా చూపినా నమ్మకుండా పైనున్న కాకు తెరిచి ఆవిరి లేదని తేల్చుకుని, అప్పుడు వాల్వు విప్పించారు. చూస్తే మూత కూర్చునే సీటు మీద గీతలు పడి, ఉప్పు పేరుకుని ఉంది. అందుకే ముందుగా కారుతోంది. మందు వేయవలసిన చోట బరువు వేశారన్నమాట. ఫిట్టరు దాన్ని శుభ్రం చేసి, రాపిడి పేస్టుతో మూతనూ సీటునూ చదునుగా నూరి, నీలిరంగు పూసి చుట్టూ అంటుతోందో లేదో చూసి, మళ్లీ నూరాడు. ఒక పూట పట్టింది. స్ప్రింగు వాల్వయితే స్ప్రింగు తుప్పు, పగుళ్లు కూడా చూడాలి. వర్క్‌షాపులో బెంచి మీద గాలితో పరీక్షించేటప్పుడు ఒత్తిడి మెల్లగా ఎక్కించాలి, వాల్వు మూతికెదురుగా ఎవరూ నిలబడకూడదు, రెండు మూడు సార్లు ఒకే ఒత్తిడి దగ్గర లేచి గట్టిగా మూసుకుంటేనే సీలు వేయాలి. బాయిలరుకు నీటి ఒత్తిడి పరీక్ష చేసేటప్పుడు వాల్వు లేవకుండా బిగింపు పెడతారు. పరీక్ష అయ్యాక దాన్ని తీయడం మరిచిపోతే మళ్లీ గ్రీనిచ్ స్పానరే.

ట్రెవిథిక్ దగ్గరకు వద్దాం. పేలుడు తరువాత వాట్ పక్షం వారు గట్టి ఆవిరి ప్రాణాంతకమని ప్రచారం చేశారు. ట్రెవిథిక్ ఒత్తిడి తగ్గించలేదు, కాపలా పెంచాడు. ప్రతి బాయిలరుకు రెండు సేఫ్టీ వాల్వులు పెట్టి, ఒకటి నడిపేవాడు సర్దుకునేలా, రెండోది వాడి చేతికి అందకుండా ఏర్పాటు చేశాడు. నీటిమట్టం తగ్గకూడని హద్దుకు కాస్త కిందగా సీసపు బిరడా పెట్టాడు. నీళ్లు దిగిపోతే సీసం కరిగి, ఆవిరి చప్పుడుతో పొయ్యిలోకి కొట్టి హెచ్చరిస్తుంది. ఒత్తిడి చూడడానికి పాదరసం గొట్టం పెట్టాడు. కొత్త బాయిలరును నీటి ఒత్తిడితో పరీక్షించే పద్ధతీ ఆయన తెచ్చిందే. మన ఇన్‌స్పెక్షను రిపోర్టులో నేను టైపు చేసిన అంశాలలో సగం ఈ ఒక్క పేలుడు నుండి పుట్టినవే. మా ఆవిడ కుక్కరు మూతకు విజిలు పక్కనుండే కరిగే బిరడా కూడా ఆ సీసపు బిరడా సంతానమే. అది పోతే చవకరకం కొని తగిలించే పొదుపరులు మన సంఘంలోనూ ఉన్నారని విన్నాను.

మన దేశంలోనూ ఇలాగే జరిగింది. 1863లో కలకత్తాలో బాయిలరు పేలి మనుషులు చనిపోతే 1864లో బెంగాలులో చట్టం వచ్చింది. దేశమంతటికీ 1923లో వచ్చింది. దాని కిందే నేను ఉద్యోగమంతా చేశాను. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది.

ఆయన మిగతా జీవితం పడిలేస్తూ గడిచింది. 1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగారం దగ్గర ఆయన రైలింజను 10 టన్నుల ఇనుమునూ 70 మందినీ 5 బండ్లలో దాదాపు పది మైళ్లు లాగింది. నాలుగు గంటల అయిదు నిమిషాలు పట్టింది. పట్టాల మీద ఆవిరితో నడిచిన తొలి రైలు ప్రయాణం అదే. పోత ఇనుప పట్టాలు మాత్రం ఆ బరువుకు విరిగాయి. 1808లో లండనులో గుండ్రటి పట్టా వేసి షిల్లింగు టిక్కెట్టుకు రైలు చూపిస్తే అక్కడా పట్టాలే విరిగాయి. థేమ్స్ నది కింద సొరంగం తవ్వబోతే నీళ్లు పడి చావు తప్పించుకున్నాడు. 1811లో దివాలా తీశాడు. ఆ మరుసటి ఏడే, 1812లో, పొయ్యిని గొట్టంగా బాయిలరు కడుపులోనే పెట్టిన కార్నిష్ బాయిలరు చేశాడు. అప్పుల్లో ఉన్న మనిషి చేసిన ఆ వస్తువు వందేళ్లకు పైగా బతికి మా రిజిస్టరు దాకా వచ్చింది.

1816లో పెరూ వెండి గనులకు యంత్రాలు పెట్టడానికి ఓడ ఎక్కాడు. అక్కడ స్వాతంత్ర్య యుద్ధాలు వచ్చి అంతా పోయింది. పదకొండేళ్లు ఇల్లు చేరలేదు. ఇక్కడ జేన్, తోడబుట్టినవాడి ఆసరాతో హోటలు నడిపి పిల్లలను పెంచింది. ఆయన జీవితం రాసేవారు ఆమె పేరు ఒక్క వాక్యంలో దాటేస్తారు, నాకది నచ్చదు. 1827లో కార్తహేనా రేవులో చేతిలో పైసా లేకుండా ఉంటే, జార్జి స్టీఫెన్‌సన్ కొడుకు రాబర్ట్ కలిసి 50 పౌండ్లిచ్చి ఇంటికి పంపాడు. రైలుతో పేరు తెచ్చుకున్న ఇంటివాడు, రైలు మొదట నడిపినవాడికి దారిఖర్చు ఇచ్చాడు. తరువాత పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నాడు గాని ఏమీ రాలేదు. పెన్షను కాగితాల కోసం తిరిగిన మనకు ఆ అర్జీ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1833 ఏప్రిల్ 22న డార్ట్‌ఫోర్డ్‌లో, ఒక కర్మాగారంలో పనికి వెళ్లి, హోటలు గదిలో న్యుమోనియాతో పోయాడు. తోటి పనివాళ్లు చందాలు వేసుకుని పూడ్చారు. శవాలు దొంగిలించేవాళ్ల కాలం గనుక రాత్రి కాపలాకూ వాళ్లే డబ్బిచ్చారు. సమాధికి గుర్తు లేదు. 1932లో కాంబోర్న్‌లో విగ్రహం పెట్టారు.

మా మిల్లు తూనికరాయిని ఇన్‌స్పెక్టరుగారు జీపులో వేయించి ఆఫీసుకు తెచ్చారు. మిల్లువాళ్లు తిరిగి అడగలేదు. ఆయన బదిలీ అయి వెళ్తూ దాన్ని నా బల్ల మీద పెట్టారు. నేను రిటైరయ్యేదాకా రెన్యువలు కాగితాల మీద అదే బరువుగా ఉండేది.